తెగితే మొలిచే చెయ్యి

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం గుమ్మం దాకా వచ్చి తొంగిచూసే ఊళ్ళో, సింహాలమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరు పిల్లలు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళకంటుకున్న ఆల్చిప్పలు ఏరి, ఆ మాంసం వండి పిల్లల్ని సాకేది.

ఒక ఏడు చూస్తే చిప్పలన్నీ ఖాళీ. ఎవరబ్బా తింటున్నదని నీళ్ళలోకి వంగి చూసింది. నక్షత్ర చేప! పేరుకే చేపమ్మా, దానికి తల లేదు, నెత్తురూ లేదు. ఐదు చేతులు, వాటి కింద వందల బుల్లి పాదాలు. ఆ పాదాలతో అతుక్కుంటూ, నెమ్మదిగా చిప్ప మీదకెక్కింది. లాగింది, లాగింది, లాగింది. చిప్ప అలిసిపోయి వెంట్రుకవాసి తెరుచుకుంది. అప్పుడు అది తన పొట్టనే నోట్లోంచి బయటికి తీసి చిప్పలోకి దూర్చింది. అక్కడే అరిగించుకుని, పొట్ట మళ్ళీ లోపలికి లాక్కుంది. ఛీ అనకు, దాని తిండి దానిది.

సింహాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నా పిల్లల నోటికాడ కూడు తింతావేటే!" అని దొరికినదాన్నల్లా కత్తితో ముక్కలు చేసి సముద్రంలోకి విసిరింది. మూడు రోజులు అదే పని.

పక్కింటి ఎర్రన్న తాత, "కొయ్యకే అమ్మా, అది తెగితే మొలుస్తాది" అన్నాడు.

"తెగింది మొలుస్తాదేటి తాతా? మొగుడు పోయాక నా ఇల్లు మొలిసిందేటి?" అంది, వినలేదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి రాళ్ళ నిండా అవే. నడిమి భాగం కాస్త అంటుకున్న ప్రతి ముక్కా ఒక ప్రాణి అయి కూర్చుంది. సింహాలమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. ఒకటే పెద్ద చెయ్యి, దాని మొదట్లో కొత్తగా మొలిచిన నాలుగు చిట్టి చేతులు. అప్పుడు ఏడ్చింది తల్లీ, మొగుడు పోయిన రోజు కూడా ఏడవని మనిషి.

"దీనికి మొలిసింది. నాకెందుకు మొలవలేదు తాతా?"

పక్కనే ఉన్న తాత అటు చూడమన్నట్టు గడ్డం ఎత్తాడు. ఆమె పిల్లలిద్దరూ బుట్ట పట్టుకొచ్చి, ఆ జీవుల్ని తెగకుండా ఒక్కొక్కటే ఏరుతున్నారు, దూరపు రాళ్ళ దగ్గర వదిలిరావడానికి. నాలుగు చిట్టి చేతులు.

సింహాలమ్మ కత్తి ఒడ్డున పడేసి, తనూ వాళ్ళ పక్కన వంగింది. కడుపు నిండిందా అంటావా? ఆ ఏడు సగమే నిండింది. ముగ్గురూ ఒకే చాప మీద పడుకున్నారు.

అల ఒడ్డుకి, పడవ రేవుకి,
కథ కంచికి, నా బంగారం నిద్దరకి.