బన్ను తెచ్చిన చుట్టం

సజ్జల నూర్పిళ్లు అయిపోయాయి. కళ్లంలో రాలిన గింజలన్నీ ఇక కోళ్లవే. పుల్లకోడి పిల్లలు దుమ్ము గీరి, వెతికి, పోట్లాడుకుని మరీ తినేవి. అన్నిట్లోకీ చిన్నది నూకాలు. దానికి గింజ కనబడేలోపే అన్నలు మింగేసేవారు. తల్లి దానికోసం ఒక గింజ కాలికింద దాచి ఉంచేది.

ఒక ఉదయం నక్క వచ్చింది, నోట్లో పట్నం బన్నులు కరుచుకుని.

"ఏందక్కా, పసివాళ్లకు ఈ మట్టి చాకిరీ? ఇదిగో, తెల్ల గోధుమపిండి బన్ను. నమలక్కర్లేదు, మింగడమే."

"నువ్వు మమ్మల్ని తినేవాడివి కదరా!"

"మాంసం మానేశానక్కా. కడుపులో ఒకటే మంట."

నక్క వినయం ఎరగని కోడి ఉంటుందా? కానీ నూకాలు అప్పటికే బన్నులో మూతి పెట్టేసింది. బిడ్డ కడుపు నిండటం చూసి తల్లి మనసు కరిగిపోయింది.

ఇక రోజూ బన్నులే. పిల్లలు గీరడం మానేసి బొద్దుగా తయారయ్యాయి. పుల్లకోడి మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం గద్ద నీడ పడింది. అన్నలు ఎలాగో తల్లి రెక్కల కిందికి దొర్లారు. నూకాలు లేవబోయి కూలబడింది.

"అమ్మా, కాళ్లు రావట్లేదే!"

పక్కనే ఉన్న ముసలి ఎద్దు కొమ్ములు విసరకపోతే పిల్ల దక్కేది కాదు.

"నా బిడ్డను నేనే చంపుకునేదాన్ని మామా!" కోడి ఏడ్చింది.

"ఊరుకో అమ్మాయ్. ఆకలి తీర్చావు, అది తప్పెలా అవుతుంది? గోధుమదీ తప్పు కాదు. మా తాత దున్నిన చేలో ఎర్ర గోధుమ పండేది, పొట్టుతోనే తినేవాళ్లు. ఈ బన్నులో పొట్టు లేదు, పీచు లేదు. పైన పటారం, లోన లొటారం. సరే, నక్క ఊరికే ఎందుకు మేపుతోందంటావు?"

కోడి ఏడుపు ఆగిపోయింది. పరుగెత్తలేని పిల్లను పట్టడానికి నక్కకు ఎంతసేపు?

మర్నాడు నక్కకు ఎదురెళ్లింది. "తమ్ముడూ, మా ఇంటి ఆచారమే మరిచాను. చుట్టం తినందే మేం ముట్టకూడదు. ముందు నువ్వు కానివ్వు."

"నాకు ఆకలి లేదక్కా..."

"అయితే మాకూ వద్దులే."

నక్కకు తినక తప్పలేదు. తియ్యగానే ఉంది. ఇంకోటి తింది. ఆనాటినుంచి ఒకటే మర్యాద: "ఇంకొక్కటి తమ్ముడూ, నామీద ఒట్టు!" నక్క వెళ్లగానే మిగిలిన ముక్కలు చీమలకు పడేసి, పిల్లలు మళ్లీ కళ్లం గీరేవి.

"గట్టిగా ఉందే అమ్మా," నూకాలు మారాం చేసేది. తల్లి ఒక్కో సజ్జగింజను ముక్కుతో చితక్కొట్టి పెట్టేది. "తిను నా తల్లీ. నీ కాళ్లు నాకు కావాలి."

పిల్లలు ఇక పండాయనుకుని నక్క ఒకరోజు దూకింది. దూకాననుకుంది, అంతే. పొట్ట నేలమీదే ఉండిపోయింది. పిల్లలు తుర్రున పక్కనున్న ఎడ్లబండి ఎక్కేశాయి, అన్నలకంటే ముందు నూకాలు! ఇంతలో రోజూ పొద్దున చేనుకెళ్లే కాపలా కుక్క తిరిగొచ్చింది. నక్క వెనుదిరిగి కంచె సందులో తల దూర్చింది. నడుము ఇరుక్కుంది.

"అక్కా, కాస్త తోద్దూ!"

"తొందరేముంది తమ్ముడూ? చుట్టానివి, ఇంకో బన్ను తినిపో!"

కుక్క పంటికి సగం తోక అప్పజెప్పి నక్క ఎలాగో బయటపడింది. నూకాలు నవ్వుతూ దిగొచ్చి, తల్లి రెక్కకింద దూరింది.

నోటికి మెత్తనైన ముద్దను మెచ్చుకునేముందు, అది కాళ్లకేం చేస్తుందో చూసుకోవాలి.