పోగమ్మ ఆర్పిన పొయ్యి

ఒకప్పుడు బోదకాలు తెచ్చే పురుగుకి వంట వచ్చు. తన వంట తనే వండుకునేది. తన పిల్లల్ని తనే సాకేది.

ఆ పురుగు పేరు పోగమ్మ. తెల్లగా, సన్నగా, కుట్టుదారం పోగులా ఉండేది. మనిషి ఒంట్లో నెత్తురు పారే గొట్టాలే కాదు, నీరు పారే సన్నటి కాలవలు కూడా ఉంటాయి. వరినాట్లు వేసే అప్పలనరసమ్మ కాలిలో అలాంటి కాలవ ఒకటుంది. అందులో చుట్టలు చుట్టుకుని పోగమ్మ కాపురం పెట్టింది. ఆ సంగతి అప్పలనరసమ్మకు తెలియదు.

పోగమ్మకు కుదురు లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టేది, గుడ్లు గుర్తొచ్చి అటు పరిగెత్తేది. గుడ్ల దగ్గరికి వెళితే ఇక్కడ ఎసరు పొంగేది. ఎసరు దించేలోపు ఒంటికి కాపలా తిరిగే తెల్లకణాలు వచ్చి తలుపు బాదేవి.

"ఎవరది లోపల? బయటికి రా!"

పోగమ్మ ఊపిరి బిగబట్టి కూర్చునేది. అవి వెళ్ళేసరికి పొయ్యి ఆరిపోయేది. పుట్టిన పిల్లలు తిండి చాలక వాడిపోయేవి.

"ఒక్క పిల్లయినా దోమ ఎక్కి ఇంకో ఒంటికి చేరితే చాలు" అనుకుంటూ మళ్ళీ పొయ్యి ఊదేది.

ఒకరోజు అప్పలనరసమ్మను దోమ కుట్టింది. దోమ నోట్లోంచి నలుసంత సూక్ష్మజీవి ఒకటి జారి కాలవలో పడింది. పోగమ్మ పక్కన అది తాటిచెట్టు పక్కన ఇసుక రేణువులా ఉంది. కానీ గొంతు పెద్దది.

"అత్తా, కాస్త చోటిస్తావా?"

"ఏ వరసనే నేను నీకు అత్తని? ఎక్కడిదానివి?"

"దోమల్లో ఉండేదాన్ని. మూట విప్పేలోపు ఎవరో ఒకరు రెండు చేతులతో చప్పున చరిచేస్తారు. ఇల్లు పోతుంది, మళ్ళీ వీధినపడతాను."

"ఇది సత్రం కాదు. ఇంకో ఇల్లు చూసుకో."

"ఊరికే ఉండనత్తా. వండి పెడతాను."

సరిగ్గా అప్పుడే ఎసరు పొంగింది. పోగమ్మ ఎసరు వంక చూసింది, నలుసు వంక చూసింది.

ఒంటి లోపల బతికేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. వేరే పొయ్యి పెట్టుకున్నవాళ్ళు అద్దెకున్నట్టు. ఎప్పుడైనా పొమ్మనొచ్చు, వాళ్ళూ పోవచ్చు. ఒకే పొయ్యి మీద తినేవాళ్ళు మాత్రం ఒకే ఇల్లు. ఒకళ్ళను వదిలి ఒకళ్ళు కదలకూడదు.

"నీ పొయ్యి నీది, నా పొయ్యి నాది. అలాగైతే ఉండు" అంది పోగమ్మ గట్టిగా.

నలుసు పోగమ్మ చర్మం కింద ఒక మూల పొయ్యి పెట్టుకుంది. నెత్తురు రంగు పులుసు కాచింది. పోగమ్మ నాలిక మీద వేసుకుని, "ఉప్పు తక్కువైంది" అంటూనే గిన్నె ఖాళీ చేసింది. మిగిలింది గుడ్లకు పెట్టింది. ఆ విడత పిల్లలన్నీ నిక్షేపంగా పుట్టాయి.

ఇక పోగమ్మ తన పొయ్యి వెలిగించడం తగ్గించింది. ఆకలేస్తే "ఏమే, అయిందా?" అని కేకేసేది.

దోమ మళ్ళీ తొండం దించింది. పోగమ్మ పిల్లల్ని ఎక్కించుకుంటూ, "ఆ వంటమనిషిని నేనూ మోశాను. అది నిలకడగా ఉండే రకం కాదు. దాని కాలొకటి ఎప్పుడూ గడప బయటే" అని చెప్పి ఎగిరిపోయింది.

ఆ మాట పోగమ్మ గుండెల్లో ముల్లులా దిగింది. తిన్నది ఒంటబట్టలేదు.

"నన్ను వదిలి పోతావుటే?"

"ఇంతకంటే మంచి ఇల్లు దొరికితే చూద్దాంలే అత్తా" అంది నలుసు, నవ్వుతూ.

పోగమ్మ కడుపు నిండా గుడ్లున్నాయి. ఇంకేమీ ఆలోచించలేదు. గబగబా వెళ్ళి తన పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించింది. రాళ్ళు పగలగొట్టి కాలవలో పారేసింది.

"ఇప్పుడు ఈ ఇంట్లో పొయ్యి ఒకటే! నువ్వెలా పోతావో చూస్తాను."

నలుసు కొయ్యబారిపోయింది. "ఎంత పని చేశావత్తా! సరే, నేనెక్కడికీ పోను. మరి నాకేమైనా అయితే నీకు వండేదెవరు?"

పోగమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆనాటినుంచి ప్రతి గుడ్డులోనూ నలుసు పిల్లల్ని కూడా సర్దింది. అలాగే ఊళ్ళు దాటించింది. అయినా మనసు కుదుటపడలేదు. గిన్నె చప్పుడు వినబడకపోతే చాలు, "ఉన్నావటే?" అని అడిగేది.

ఇంతలో అప్పలనరసమ్మ కాలు దిమ్మెలా వాచింది. చేలోకి దిగలేక ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ బిళ్ళలు చేతిలో పెట్టి, వారాల తరబడి వేసుకోమంది.

"ఇన్నేసి బిళ్ళలు ఎవులు మింగుతారమ్మా? ఒక సూదేసి పంపీయి."

"మనం కొట్టేది పురుగుని కాదు నరసమ్మా, దానికి వండిపెట్టేదాన్ని. అది మొండిది. మధ్యలో మానేస్తే మళ్ళీ లేచి పొయ్యి రాజేస్తుంది."

అప్పలనరసమ్మ గొణుక్కుంటూనే మానకుండా మింగింది.

కాలవలో గిన్నెల చప్పుడు తగ్గింది. ఆ తర్వాత ఆగిపోయింది.

"ఉన్నావటే? ఒక్కసారి అత్తా అనవే!"

పలుకు లేదు. పోగమ్మ తన పొయ్యి రాళ్ళ కోసం కాలవంతా దేవింది. ఒక్కటీ దొరకలేదు. దొరికినా, నిప్పు ఎలా రాజెయ్యాలో చేతులు మరిచిపోయాయి. గుడ్లు ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి.

అప్పటినుంచే ఆ పురుగు జాతికి సొంత పొయ్యి లేదు. ఒంట్లో నలుసు ఉన్నంతకాలమే దానికి పిల్లలు, దానికి ప్రాణం. నలుసు చచ్చిన రోజున పురుగుని ఎవరూ కొట్టక్కర్లేదు. చల్లారిన పొయ్యి పక్కన చుట్టలు చుట్టుకుని, తనంతట తనే ఎండిపోతుంది.