ఆదెమ్మ కొబ్బరిచెట్లు, పది అడుగుల రూలు

చతురవాడలో తెలివి ఎక్కువ. ఆ సంగతి చతురవాడ వాళ్ళే అందరికీ చెప్పుకున్నారు.

వాళ్ళ తెలివంతా ఒకటే. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. పిసరు ఎక్కువ ఉండదు, పిసరు తక్కువ ఉండదు. ఒకసారి గవరయ్య భార్య స్నానానికి వెళ్తూ, "పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలకండి" అంది. అంతే. గవరయ్య కూర్చున్నాడు. రెండు రోజులు కూర్చున్నాడు. పాలు విరిగాయి గాని పొంగలేదు.

"పొయ్యి వెలిగించలేదేమండీ?" అంది ఆవిడ.

"వెలిగించమని చెప్పావా?" అన్నాడు గవరయ్య.

ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. ఇంత బుద్ధిమంతుణ్ణి ఇంట్లో ఉంచుకోవడం తప్పని, ఆయన్ని సర్పంచిని చేసింది.

ఆ ఊళ్ళో తెలివితక్కువ మనిషి ఒక్కతే. ఆదెమ్మ. ఏదైనా చెబితే వెంటనే చెయ్యదు. ఒక్క క్షణం ఆలోచిస్తుంది. "పాపం, పుట్టుకతో వచ్చింది, ఏం చేస్తాం" అని జాలిపడేవారు.

ఆదెమ్మకి ఉన్నది తొమ్మిది కొబ్బరిచెట్లు. మొగుడు పోయాడు, పొలం లేదు. ఆ చెట్ల కాయలే ఆమె తిండి. పీచుతో తాళ్ళు పేనుతుంది. మట్టలు పొయ్యిలోకి, ఈనెలు చీపుళ్ళకి. ఆ తొమ్మిది చెట్లు నిలబడితే ఆదెమ్మ నిలబడుతుంది.

అలా ఉండగా పంచాయతీకి ఒక నోటీసు వచ్చింది. పెద్ద కరెంటు లైను ఒకటి చతురవాడ మీదుగా పోతుందట. ఎవరికైనా అభ్యంతరముంటే ముప్పై రోజుల్లో రాసివ్వాలట. కింద ఇంకో ముక్క ఉంది. ఈ నోటీసును ఊళ్ళో అందరికీ కనబడే చోట అంటించవలెను.

గవరయ్య వార్డు సభ్యులందర్నీ కూర్చోబెట్టాడు.

"పంచాయతీ గోడకి అంటిద్దామా?" అన్నాడు నూకరాజు. ఇతను రెండో వార్డు సభ్యుడు.

"మా ఇంట్లోంచి పంచాయతీ గోడ కనబడదు" అంది సత్తెమ్మ. ఈవిడ నాలుగో వార్డు.

"మా ఇంట్లోంచి మీ ఇల్లే కనబడదు."

"మరి అందరికీ కనబడేది ఏముంది ఊళ్ళో?"

మంచినీళ్ళ ట్యాంకు ఉంది. ఊరి మధ్యలో, తాటిచెట్టు కంటే ఎత్తున. ఇంకేముంది, నూకరాజు నిచ్చెన మెట్లెక్కి ట్యాంకు నెత్తిన నోటీసు అంటించి వచ్చాడు. ఊరందరికీ కనబడింది. తపాలా బిళ్ళంత కనబడింది.

ఆదెమ్మ మెడ వెనక్కి వంచి చూసింది. "గవరయ్య బాబూ, అక్షరాలు ఆనడం లేదు. కాస్త దించుతారా?"

"దించితే కనబడదు కదా వదినా!"

"పైనుంటే చదవడానికి రాదు కదా?"

"కనబడాలని రాశారు. చదవాలని ఎక్కడ రాశారు?" అన్నాడు గవరయ్య. సభ్యులు తలలూపారు. పాపం ఆదెమ్మ, ఇంత చిన్న విషయం కూడా ఎక్కడం లేదు.

చివరికి జాలిపడి నూకరాజే ఎక్కాడు. ఎక్కి ఒక వాక్యం చదువుతాడు, మర్చిపోకుండా నోట్లో నములుకుంటూ దిగుతాడు, ఆదెమ్మ చెవిలో చెబుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. ఎవరైనా దారిలో "బాగున్నావా నూకరాజూ" అంటే చాలు, వాక్యం పోయేది. మొత్తం నోటీసు దిగేసరికి ఇరవై ఆరు రోజులు పట్టింది.

అప్పుడు తెలిసింది ఆదెమ్మకి. లైను సరిగ్గా తన చెట్ల మీదుగా పోతుంది. తీగల కింద పెద్ద చెట్లు ఉంచరు.

ఆమె ఒక కాగితం మీద పొందిగ్గా రాసింది. అయ్యా, నాకున్నవి ఈ తొమ్మిది చెట్లే. పక్కనే ఊరి చవిటి బీడు ఉంది. అందులో గడ్డి కూడా మొలవదు. లైను దాని మీదుగా పోనివ్వండి.

అది పట్టుకుని గ్రామసభకి వచ్చింది. "మీరందరూ కూడా ఇదే ముక్క రాయండి బాబూ. ఒక్కదాన్ని రాస్తే వినరు. ఊరంతా రాస్తే వింటారు."

చతురవాడ వాళ్ళకి తెలివి ఎక్కువే గాని మనసు కూడా మంచిదే. ఆదెమ్మంటే అందరికీ ప్రేమే. మూడొందల పన్నెండు మంది కాగితాలు తీశారు. గవరయ్య ట్యాంకు నెత్తినున్న నోటీసు కేసి చూసి చెయ్యెత్తాడు.

"ఆగండాగండి. ఒక్కొక్కరు ఒక్కొక్క అభ్యంతరం ఇవ్వవలెను అని ఉంది. చెట్ల అభ్యంతరం ఆదెమ్మొదిన తీసేసుకుంది. అది అయిపోయింది. మనం వేరేవి చూసుకోవాలి."

"అయ్యో, ముందొచ్చి ఉంటే నేను తీసుకుందును" అంది సత్తెమ్మ.

"అది కాదు బాబూ..." అంది ఆదెమ్మ.

"నువ్వు ఊరుకో వదినా. నీ అభ్యంతరం జోలికి ఎవరూ రారు. నాదీ హామీ."

అంతే. ఊరంతా నుదురు పట్టుకుని అభ్యంతరాలు వెతుక్కుంది. మా మామగారు నన్ను అందరి ముందూ సన్నాసీ అంటారు, దానికి నా అభ్యంతరం, అని నూకరాజు రాశాడు. పక్కింటి కోడి మా గుమ్మంలో రెట్ట వేస్తుంది, అని సత్తెమ్మ. పక్కింటావిడకి అసలేమీ అభ్యంతరం లేదు, సత్తెమ్మ మా కోడిని తిడుతుంది అని రాసి బయటపడింది. గవరయ్య చాలాసేపు పెన్ను కొరికి, మా ఆవిడ వారానికి నాలుగు రోజులు వంకాయ కూరే వండుతుంది, అని రాసి సంతకం పెట్టి, పంచాయతీ ముద్ర కూడా గుద్దాడు.

మూడు వారాలకి జవాబు వచ్చింది. పై ఆఫీసులో కూర్చున్నవాళ్ళు కూడా చతురవాడకి ఏమీ తీసిపోరు. ఒక్క కాగితం వదలకుండా అన్నీ చదివారు.

చతురవాడ నుంచి మొత్తం అభ్యంతరములు మూడు వందల పదమూడు. వంకాయ కూరకు లైనుతో సంబంధము లేదు. కోడికి లేదు. మామగారికి లేదు. చెట్లను గూర్చి వచ్చినది ఒకే ఒక్క అభ్యంతరము. ఏ అభ్యంతరము చూచిననూ ఒక్కరిదే గాని ఊరందరిదీ కాదు. కావున ఊరికి అభ్యంతరము లేనట్లే. లైను ఆమోదించడమైనది. తీగల కింద పది అడుగుల కంటే ఎత్తుగల చెట్లు ఉండరాదు. పక్షం రోజుల్లో ఇంజనీరు వచ్చి కొలుచును.

ఆదెమ్మ పంచాయతీ మెట్ల మీద కూలబడింది. ఏడవలేదు. "నా చెట్లు ముప్పై అడుగులు బాబూ" అంది.

గవరయ్యకి గుండె కలుక్కుమంది. సభ్యులకీ అంతే. అందరూ తెలివిగా ఆలోచించడం మొదలుపెట్టారు. అక్కడే కొంప మునిగింది.

"చెట్టు ఎత్తు ఎక్కడ్నుంచి కొలుస్తారు?" అన్నాడు గవరయ్య.

"నేల మీంచి" అన్నాడు నూకరాజు.

"నేల ఎత్తు పెంచితే?"

సత్తెమ్మ చేతులు జోడించింది. "బాబూ, మీరు మా ఊళ్ళో పుట్టడం మా పుణ్యం."

ముప్పై అడుగుల చెట్టుకి ఇరవై ఒక్క అడుగుల మట్టి పోస్తే, మిగిలేది తొమ్మిది. రూలు పది. ఒక అడుగు లాభం కూడా!

"చెట్లు ఊపిరాడక చచ్చిపోతాయి బాబూ" అంది ఆదెమ్మ.

"తలకాయలు బయటే ఉంటాయి కదా వదినా! ఊపిరి తీసేది తలకాయతోనేగా?"

మట్టి ఎక్కడిది మరి? ఇంకొకరి పొలం తవ్వకూడదు. పంచాయతీ పనికి పంచాయతీ మట్టే వాడాలి. బీడు ఊరందరిదీ గాని పంచాయతీది కాదు. పంచాయతీకి ఉన్న స్థలం ఒక్కటే, ఆఫీసు చుట్టూ ఉన్న ఖాళీ. ఇంకేముంది! గునపాలు, పారలు, తట్టలు, ట్రాక్టర్లు. వారం రోజులు ఊరు ఊరంతా తవ్వింది, మోసింది. ఆదెమ్మ పెరట్లో కొండ లేచింది. కొండ మీద తొమ్మిది కొబ్బరి తలకాయలు, మట్టిలో పీకల్దాకా కూరుకుని గాలికి ఊగాయి. ఇటు పంచాయతీ ఆఫీసు చుట్టూ పన్నెండు అడుగుల గుంట పడింది. లోపలికి వెళ్ళాలంటే చెక్క మీద నడవాలి.

ఇంజనీరు వచ్చాడు. కొండెక్కాడు. టేపు పెట్టాడు. తొమ్మిది అడుగులు.

"చెట్లు సరిపోయాయి" అన్నాడు.

ఊరు చప్పట్లు కొట్టింది.

"కాని నేల సరిపోలేదు. తీగలకీ నేలకీ మధ్య ఇంత ఎడం ఉండాలని ఉంది. ఇక్కడ నేల మరీ పైకి వచ్చింది. పల్లంగా ఉన్న చోటు ఏదైనా ఉందా?"

ఆదెమ్మ నోరు తెరిచి బీడు అనబోయింది. గవరయ్య గబగబా ముందుకొచ్చాడు. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పడం ఆయన బలం.

"ఉందండి! చుట్టుపక్కల పది ఊళ్ళలో అంత పల్లం లేదు. మొన్ననే తవ్వాం."

ఇంజనీరు పంచాయతీ గుంట చూశాడు, తృప్తిపడ్డాడు. లైను అక్కడికి మార్చి రాసుకున్నాడు. తర్వాత గుంట మధ్యలో ఉన్న రెండంతస్తుల ఆఫీసు చూశాడు. గుంట అడుగు నుంచి కొలిస్తే ముప్పై నాలుగు అడుగులు.

"చెట్టయినా ఇల్లయినా పది అడుగులే" అన్నాడు. "శుక్రవారం వస్తాను. ఉంటే పడగొట్టిస్తాను."

గవరయ్య ముఖం పాలిపోయింది. అప్పుడు ఆదెమ్మ, ఎన్నడూ లేనిది, ఆలోచించకుండా గబుక్కున అనేసింది. "బాబూ, నా పెరట్లో మట్టుంది. మొత్తం తీసుకుపొండి."

"వదినా!" అన్నాడు గవరయ్య. కళ్ళు చెమర్చాయి. "నీకు కూడా తెలివి వస్తోందే!"

కాని ఇది ఆఫీసుకి జరిగే పని. తీర్మానం కావాలి. తీర్మానం ఆఫీసులోనే, సభ్యులందరి ఎదుటే జరగాలి. పని పూర్తయ్యేదాకా సభ ముగించకూడదు. గవరయ్య ఆరుగురు సభ్యుల్నీ కింది అంతస్తులో కూర్చోబెట్టి, తనూ కూర్చుని, "ఊఁ, పోయండి" అని కేకేశాడు.

పోశారు. గుంట నిండింది. మెట్లు మునిగాయి.

"గడప దాకా వచ్చిందండి" అంది సత్తెమ్మ.

"సభ నడుస్తోంది. మధ్యలో మాట్లాడకు."

తలుపు మునిగింది. కిటికీలు మునిగాయి. నూకరాజు చెయ్యెత్తాడు. "అధ్యక్షా, ఏమీ కనబడటం లేదు."

"చెయ్యెత్తినవాళ్ళు ఎంతమంది?"

"అదే కనబడటం లేదు."

"అయితే ఏకగ్రీవం" అన్నాడు గవరయ్య.

పైన అంతస్తు ఒక్కటే బయట మిగిలింది. సరిగ్గా పది అడుగులు. లోపల్నుంచి దగ్గులు వినబడుతుంటే ఆదెమ్మ పరుగెత్తుకొచ్చింది. "లోపలి మెట్లున్నాయి కదా, డాబా మీదికి రండి!" అని అరిచింది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, తడుముకుంటూ ఏడుగురూ డాబా మీదికి తేలారు. తలనిండా దుమ్ము. అప్పటికే ఇంజనీరు టేపు పట్టుకుని కింద నిలబడి ఉన్నాడు. శుక్రవారం అది.

"డాబా పది అడుగులు. సరిపోయింది" అన్నాడు. తల పైకెత్తాడు. "కాని సర్పంచి గారు ఇంకో అయిదున్నర ఉన్నారు."

గవరయ్య టక్కున కూర్చున్నాడు.

"ఇంకా మూడడుగులు ఎక్కువ."

అంతే. గవరయ్య వెల్లకిలా పడుకున్నాడు. ఆయన వెనకే నూకరాజు. తర్వాత చీర సర్దుకుని సత్తెమ్మ. చాపలు పరిచినట్టు ఏడుగురూ వరసగా పడుకున్నారు. పొట్టలు కూడా లోపలికి పీల్చారు.

ఇంజనీరు టేపు చుట్టేశాడు. కాసేపు ఆ కొండని చూశాడు. అప్పటికది పల్లమైపోయింది. కాసేపు ఆ పల్లాన్ని చూశాడు. అది కొండైపోయింది. మట్టిలోంచి కడిగినట్టు బయటపడిన తొమ్మిది కొబ్బరిచెట్లని చూశాడు. చెమట తుడుచుకుని, ఈ ఊళ్ళో నేల ఒకచోట నిలవదు, అని ఫైల్లో రాశాడు. కదలని నేల ఏముందని ఈసారి ఆదెమ్మనే అడిగాడు. ఆమె చవిటి బీడు చూపించింది. లైను దాని మీదుగా గీసి, సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా జీపెక్కాడు.

ఆదెమ్మ ఇంటికెళ్ళి తొమ్మిది చెట్ల మొదళ్ళనీ ఒక్కొక్కటే తడిమింది. బెరడుకి మట్టి అంటుకుని ఉంది, అంతే. ప్రాణాలున్నాయి. ఏడు లేత బొండాలు కోయించి, తట్టలో పెట్టుకుని, కొత్త మట్టి గుట్టెక్కి, నిచ్చెన వేసుకుని డాబా మీదికి వచ్చింది. ఏడుగురూ పడుకునే ఉన్నారు.

"లేవండి బాబూ. లైను బీడు మీదికి పోయింది. నా చెట్లు నిలబడ్డాయి. ఈ నీళ్ళు తాగండి."

"లేవమని రాతలో వచ్చిందా వదినా?"

"రాలేదు. నేను చెబుతున్నాను."

"నువ్వు మంచిదానివే వదినా. కాని లేస్తే పది దాటుతాం. అలాగే నోట్లో పొయ్యి."

ఆదెమ్మ బొండం కొట్టి వంచింది. నీళ్ళు సగం నోట్లోకి, సగం ముక్కులోకి పోయాయి. సర్పంచి ఉక్కిరిబిక్కిరయ్యాడు గాని వీపు నేల మీంచి లేపలేదు.

"కాస్త తలైనా ఎత్తండి బాబూ, పొలమారుతుంది."

"ఎన్ని అంగుళాలు ఎత్తమంటావు?" అన్నాడు గవరయ్య, ఆకాశంలోకి చూస్తూ. "కొలిచి చెప్పు. పడుకునే తీర్మానం చేస్తాం."