నమస్కారం పెట్టని మంత్రసాని

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రథాలు పోయి కార్లు వచ్చాయి, ఏనుగులు పోయి లారీలు వచ్చాయి. రాజుగారు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన పేరు ప్రచండవర్మ. ఆయన నగరం సింగారపురం.

ఆ నగరంలో ఒక ఆచారం ఉంది. సైకిలు మీద వెళ్లేవాళ్లు పెద్దమనిషి ఎదురైతే కుడిచెయ్యి ఎత్తి నమస్కారం పెట్టాలి. వెనకటి రోజుల్లో సైకిలు దిగి పెట్టేవారు. దిగితే కాస్త ఆలస్యమే తప్ప ప్రమాదం లేదు. తరవాత జనానికి తొందర ఎక్కువై దిగడం మానేశారు. నమస్కారం మాత్రం మానలేదు. ఆచారాలు అరిగేటప్పుడు మంచివైపే ముందు అరుగుతుందేమో. సరే, మన కథలోకి వద్దాం.

ఆ నగరంలో వకుళమ్మ అనే మంత్రసాని ఉండేది. ఇరుకు సందుల్లో ఏ తల్లికి నొప్పులు వచ్చినా సైకిలెక్కి వెళ్లేది. ఊళ్లో సగంమంది పిల్లలు ఆమె చేతుల్లోనే కళ్లు తెరిచారు.

అటువంటి వకుళమ్మ మీద ఒకనాడు ముగ్గురు పెద్దమనుషులు రాజుగారికి ఫిర్యాదు చేశారు.

వర్తకుడు కనకసెట్టి అన్నాడు: "ప్రభూ, రోడ్డు పక్కన నా కారు ఆగి ఉంటే ఈమె దానికి బారెడు దూరంగా పోతుంది. నా కారుకేమైనా అంటురోగమా?"

మంత్రిగారు అన్నారు: "నాకు తల ఊపింది ప్రభూ, తల! చెయ్యి ఎత్తలేదు."

రాజగురువు ముఖం ఎర్రగా ఉంది. "మంత్రిగారికి లేవని చెయ్యి నాకు లేచింది. నా కారు వెనక వస్తుంటే, వెనక్కి తిరిగి చూసి, ఆగమన్నట్టు చెయ్యి చాచింది. నన్ను! ఆగమని!"

వకుళమ్మ చేతులు కట్టుకుని చెప్పింది. "మహాప్రభూ, ఆగిన కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అందుకే దూరం. మలుపు తిరిగేముందు వెనకవాళ్లకు చెప్పాలి. అందుకే చెయ్యి. చెప్పాక మళ్లీ రెండుచేతులూ బ్రేకుల మీద పెట్టే తిరుగుతాను. ఎదురైన ప్రతివారికీ చెయ్యి ఎత్తుతూ పోతే ఏదో ఒక గోతిలో పడతాను. మంత్రసాని దారిలో పడితే, అక్కడ రెండు ప్రాణాలు ఎదురుచూస్తుంటాయి కదయ్యా."

రాజుగారికి అది పొగరుగా తోచింది. "మర్యాద నేర్చుకునేదాకా నీ సైకిలు కోటలో ఉంటుంది. నడిచి తిరుగు," అన్నాడు.

వకుళమ్మ నడిచి ఇంటికి వెళ్లింది. ఊరి ఆ చివర ఆమె ఇల్లు.

రాజుగారి కూతురు చారుమతి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. గడువు ఇంకా ఉందనుకుంటుండగానే ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. వకుళమ్మ కోసం కారు పంపారు. ఆ రోజు సంత. కాసేపటికి డ్రైవరు ఒక్కడే పరుగున తిరిగివచ్చాడు.

"ప్రభూ, కారు సంతవీధిలో ఇరుక్కుంది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు."

లోపల్నుంచి "నాన్నా!" అని చారుమతి కేక. రాజుగారు ఇంకెవరికీ చెప్పలేదు. గుర్రపుశాలలో ఉన్న వకుళమ్మ సైకిలు తీసుకుని తానే ఎక్కాడు. చిన్నతనంలో తొక్కినవాడే. అది ఒకసారి వస్తే మరిచిపోయేది కాదు. మరిచిపోయేది రోడ్డు.

సంతవీధిలో ఆగి ఉన్న కార్లను ఆనుకుని తొక్కాడు. కనకసెట్టి తన కారు తలుపు ధడాలున తెరిచాడు. రాజుగారి మోచెయ్యి చీరుకుపోయింది.

ఇంకొంచెం ముందుకు వెళ్లేసరికి జనం గుర్తుపట్టి నమస్కారాలు మొదలుపెట్టారు. రాజన్నాక బదులు పెట్టాలి కదా! కుడిచెయ్యి ఎత్తాడు. గొయ్యి వచ్చింది. రాజుగారు వంకాయల రాశిలో పడ్డాడు. లేచి సైకిలెక్కాడు గానీ తలపాగా అక్కడే ఉండిపోయింది.

సంత దాటాక, వెనక్కి చూడకుండా కుడివైపు సందులోకి తిప్పాడు. వెనక లారీ కీచుమని వీపుకు తగిలేంత దగ్గర ఆగింది.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఇంట్లో చెప్పొచ్చావా?" అని అరిచాడు లారీ డ్రైవరు. తలపాగా లేని రాజును ఎవరు గుర్తుపడతారు?

రాజుగారు సైకిలు దిగాడు. ఇంట్లో కూతురు గుర్తొచ్చింది. మిగతా దారంతా సైకిలు నడిపించుకుంటూనే వెళ్లాడు.

ఆయన కూతురి సంగతి చెప్పగానే వకుళమ్మ సైకిలు అందుకుంది. ముందుచక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి, వంకరపోయిన హ్యాండిల్ సరిచేసింది. టైర్లు నొక్కింది, బ్రేకులు పట్టి చూసింది.

"ఇంకా ఏం చూస్తావమ్మా, త్వరగా ఎక్కు!" అన్నాడు రాజు.

"చేరాలి కదయ్యా. వెనక కూర్చుని సీటు పట్టుకోండి. ఎవరు దణ్ణం పెట్టినా చెయ్యి వదలకండి."

సంతవీధిలో మరో కారు తలుపు తెరుచుకుంది. సైకిలు బారెడు దూరంలో సాగిపోయింది. ఇందాక ఆయన్ని చూసిన జనం దణ్ణాలు పెట్టారు. రాజుగారు తల ఊపాడు. కోట మలుపు దగ్గర వకుళమ్మ వెనక్కి చూసి చెయ్యి చాచింది. వెనక వస్తున్న బండి నెమ్మదించింది. ఆ బండివాడికి అవమానమేమీ జరిగినట్టు రాజుగారికి కనబడలేదు.

పొద్దు తిరగకముందే చారుమతి ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమం.

శుభాకాంక్షలు చెప్పడానికి ఆ ముగ్గురు పెద్దమనుషులూ వచ్చారు. వాళ్ల ఎదుటే రాజుగారు సైకిలును వకుళమ్మకు అప్పగించాడు.

"నీ సైకిలు తీసుకుని తప్పుచేశాను తల్లీ. ఇకమీదట సైకిలు మీద ఉన్నవాళ్లు ఎవరికీ చెయ్యి ఎత్తనక్కర్లేదు. కార్లవాళ్లే వెనక్కి చూసి తలుపు తెరవాలి, సైకిలువాళ్లు చెయ్యి చాస్తే ఆగాలి."

"పెద్దవాళ్లం మేము తగ్గాలా ప్రభూ?" అన్నాడు కనకసెట్టి.

రాజుగారు కట్టుకట్టిన మోచెయ్యి నిమురుకున్నాడు. "కార్లో ఉన్న మనం తగ్గితే మనకు దెబ్బేమీ తగలదు సెట్టీ. తగ్గకపోతే సైకిలువాడికి తగులుతుంది."

కాబట్టి పిల్లలూ, దారిలో ఎదుటివారి ప్రాణానికి చోటివ్వడమే అన్నిటికన్నా పెద్ద నమస్కారం.