సానూసి తల్లి పేరు

"నేను ప్రేమగానే అన్నాను బాబా. అంతమాత్రానికే లేచి వెళ్ళిపోవాలా?"

దస్తగిరి మొహం ముడుచుకుని గురువు ముందు నిలబడ్డాడు.

గురువు ముర్తుజా బాబా. కర్నూలు శివార్లలో ఉండే సూఫీ పెద్దాయన. ఆయన దగ్గర ప్రతి గురువారం సాయంత్రం ఒక ఆనవాయితీ. శిష్యుల్లో ఒకరు, అందరి ఇళ్ళల్లోనూ చనిపోయినవాళ్ళని పేరుపేరునా తలుస్తారు. ఒక్కో పేరుకీ అందరూ ఆమీన్ అంటారు. ఆ వారం వంతు దస్తగిరిది.

లేచి వెళ్ళిపోయింది తోటి శిష్యుడు సానూసి. అతనిది ఆఫ్రికాలోని నైజీరియా దేశం, కానో పట్టణం. చదువుకోవడానికి వచ్చి బాబా దగ్గర చేరాడు. ఈమధ్యే అక్కడ వాళ్ళమ్మ పోయింది. పిడికెడు మట్టి వెయ్యడానికైనా వెళ్ళలేకపోయాడు. కనీసం ఇక్కడైనా ఆమె పేరు పలుకుతారు కదా అని గురువారం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

"మన ఆఫ్రికా తమ్ముడి తల్లి మీద అల్లా దయ ఉండాలి," అన్నాడు దస్తగిరి.

అందరూ ఆమీన్ అన్నారు. సానూసి అనలేదు. చెప్పులైనా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

అసలు అక్కడ అతన్ని ఎవరు పేరుపెట్టి పిలిచారు గనక? "ఆఫ్రికా, ఆ బియ్యం మూట ఎత్తు. మీవాళ్ళకదొక బరువా!" అనేవారు. మీ ఊరి వీధుల్లో సింహాలు తిరుగుతాయటగా అని అడిగేవారు. "లేదన్నా, ఆటోలు తిరుగుతాయి. మేం భయపడేది వాటికే," అని మొదట్లో నవ్వేవాడు. రానురాను నవ్వడం మానేశాడు.

"సానూసి తల్లి పేరేమిటి?" అడిగాడు బాబా.

"తెలీదు బాబా. వాళ్ళ పేర్లకు మన నోరు తిరగదు కదా."



పై గురువారం తానే తలుస్తానన్నాడు బాబా. దస్తగిరి పొంగిపోయాడు. తన తల్లి హుస్సేన్‌బీ పేరు గురువు నోట వినాలని ఎన్నాళ్ళ ఆశో! కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఒక్కో పేరే వస్తోంది. అతని వంతు రానే వచ్చింది.

"ఒక ఆసియావాడి తల్లి మీద అల్లా దయ ఉండాలి."

అందరూ ఆమీన్ అన్నారు. దస్తగిరి అనలేదు. కుట్టుమిషను తొక్కి తనని పెంచిన అమ్మ, కోపమొస్తే "ఒరే దస్తూ" అని కేకేసే అమ్మ, ఆ మాటలో ఎక్కడ వెతికినా దొరకలేదు. ఇంకోసారి పోయినట్టయింది.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. వారంగా ప్రార్థనకు రాని సానూసి పొయ్యి దగ్గర ఒక్కడే ఉన్నాడు.

"సానూసీ, అమ్మ పేరేంటి తమ్ముడూ?"

సానూసి పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

"లారబా."

"లారబా," అన్నాడు దస్తగిరి నెమ్మదిగా.

సానూసి కళ్ళు మూతపడ్డాయి. "మళ్ళీ అనన్నా. ఈ దేశంలో ఆ పేరు ఇంకొకరి నోట వినలేదు."

దస్తగిరి మళ్ళీ అన్నాడు. ఇక వెళ్దామని వెనక్కి తిరిగాడు. గుమ్మంలో బాబా నిలబడి ఉన్నాడు.

"అప్పుడే వెళ్ళకు నాయనా. కూర్చో. ఆవిడ ఏం వండేదో అడుగు."