గుర్రాల గాదె

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో గుర్రాలు పరుగెత్తేవి, మిగతా జంతువులు పందేలు కాసేవి. మొదట్లో అంతా పొదల చాటు వ్యవహారమే. నక్కలు మోసం చేసి కుందేళ్ళ తిండి గుంజుకునేవి. అది విని సింహంరాజుగారు ఒక చట్టం చేశారు.

"పందెం అందరి ఎదుటే కాయాలి. ఎవరూ ఆ పూట తిండికి మించి కాయకూడదు. కాసినదాంట్లో పదో వంతు గుర్రాల గాదెలో పొయ్యాలి. గుర్రాల మేత, మందు, కాపలావాడి తిండి, అన్నీ ఆ గాదె నుంచే."

కాపలాకు ఎలుగుబంటిని పెట్టారు. బాగుంది బాగుంది అని అందరూ తలలూపారు. రవళి మాత్రం ఊపలేదు. రవళి అంటే అన్నిటికన్నా వేగంగా పరుగెత్తే పడుచు గుర్రం. పందేలన్నీ దానిమీదే కాసేవారు.

కొన్నాళ్ళకు, పున్నమికొకటి జరిగే పరుగు వారానికొకటి అయింది.

"ఎందుకు మామా?" అని అడిగింది రవళి.

"గాదె నిండాలి కదమ్మా!" అంది ఎలుగుబంటి.

తరవాత ఒకరోజు ఉడత వానాకాలానికి దాచుకున్న గింజలన్నీ మూటగట్టి తెచ్చింది.

"ఇది ఆ పూట తిండేనా మామా?" అంది రవళి.

ఎలుగుబంటి మూటను చేత్తో ఎత్తి చూసింది. "ఉడత ముచ్చటపడుతోంది, మనమెందుకు కాదనాలి?"

"నీమీదే కాశానక్కా! పోయినవారం పోయినవన్నీ ఇవాళ వచ్చేస్తాయి" అని ఉడత తోకాడించింది.

ఆ రోజే రవళి ముందుకాలు వాచింది. నేల తాకితే ప్రాణం లాగేస్తోంది.

"మామా, ఈ కాలితో పరుగెడితే విరుగుతుంది. నన్నొదిలెయ్యి."

"అయ్యో తల్లీ! నువ్వు లేకపోతే పందేలెవరు కాస్తారు? పందేలు లేకపోతే గాదె ఎలా నిండుతుంది? గాదె నిండకపోతే నీ కాలికి మందెక్కణ్ణించి తెచ్చేది?"

"అంటే, కాలు విరగ్గొట్టుకుంటేనే కాలికి మందా?"

"అట్లా వంకరగా మాట్లాడకూడదు. అంతా మీ గుర్రాల మంచికే!"

"పరుగెత్తవే రవళీ, మా ఉలవలు నీ కాళ్ళమీదే ఉన్నాయి" అని పక్క గుర్రాలు బతిమాలాయి.

రవళి కుంటుకుంటూ గీత దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది.

"మామా, ఒక్క ప్రశ్న. అందరి ముందూ చెప్పు. రేపటినుంచి పందేలు సగానికి తగ్గితే నువ్వు సంతోషిస్తావా, ఏడుస్తావా?"

ఎలుగుబంటి "అదీ... గాదెను బట్టి..." అని నసిగింది. కోతులు పగలబడి నవ్వాయి.

"పందేలు అదుపు చెయ్యమని నిన్ను పెట్టారు. అవి తగ్గితే నువ్వే ఏడిస్తే, ఇక అదుపు చేసేదెవరు?"

రవళి గట్టుమీద కూర్చుని పరుగు చూస్తున్న రాజుగారి వైపు చూసింది. రాజుగారు చప్పున మబ్బుల కేసి చూశారు. 'ఓహో, గాదెలో తమరికీ వాటా ఉందన్నమాట!' అనుకుంది రవళి. కుంటుకుంటూ కొండదారి పట్టింది.

రవళి లేని పరుగు మీద ఎవరు కాస్తారు? ఉడత గొణుక్కుంటూ తన మూట తాను తీసుకుంది. కాసేపు ఎదురుచూసి మిగతా గుర్రాలూ కొండెక్కాయి.

ఆ తరవాత అంతా హాయిగా గడిచిందని చెప్పను పిల్లలూ. ఉలవలు లేవు. ఎండుగడ్డి నమిలి గుర్రాల డొక్కలు తేలాయి. "అంతా నీవల్లే" అని రవళిని తిట్టాయి కూడా. ఇంతలో వానలు పడ్డాయి. కొండంతా పచ్చిక లేచింది. రవళి కాలి వాపు తగ్గింది. ఒక పొద్దున అది నాలుగు కాళ్ళూ గట్టిగా మోపి, వాలు వెంట ఒక్క ఉరుకు ఉరికింది.

కింద ఖాళీ మైదానంలో ఎలుగుబంటి గొంతు చించుకుంటోంది. "రండి బాబూ రండి! గుర్రాల మేలు కోసం పందెం కాయండి!"

"మనం ఇక్కడుంటే, మన మేలు అక్కడుందట!" అని గుర్రాలు పచ్చిక నములుతూ నవ్వుకున్నాయి.

నీతి: మీ మేలు కోసమే కాపలా కాస్తున్నానని ఎవరైనా అంటే, ముందు వాళ్ళ కంచంలోకి కూడు ఎక్కణ్ణించి వస్తోందో అడగండి.