తేనెటీగ పువ్వుకు పేడ వేసిన నక్క

ఐరోపాలో ఒక సున్నపు కొండ. దాని ఎండవాలున మట్టి తెల్లగా, పలచగా ఉండేది. అక్కడ గడ్డి కూడా వెయ్యిసార్లు ఆలోచించుకుని మొలిచేది. అంత బీదనేలలోనూ ఎండలు ముదిరే వేళకు ఒక అడవి ఆర్కిడ్ పూసేది. గులాబీరంగు రెక్కల నడుమ గోధుమరంగు నూగుతో, అచ్చం తేనెటీగ వాలినట్టే ఉండేది ఆ పువ్వు. మగ ఈగలు పెళ్లికూతురనుకుని మురిపెంగా వచ్చి, మూతి ముడుచుకుని వెళ్లిపోయేవి.

ఆ వాలులోనే సున్నమ్మ అనే ముసలి కుందేలు మనవలతో, మనవరాళ్లతో కాపురముండేది. కింద పొదలో కొండప్ప అనే నక్క. కుందేలు పిల్లల్ని చూస్తే వాడికి నోరూరేది. కానీ వాలు మీద వేటాడకూడదని అడవి పెద్ద బొద్దయ్య కట్టుబాటు పెట్టాడు. బొద్దయ్య ఎలుగుబంటి. ఆయన మాట తప్పితే నడుం విరుగుతుంది.

ఒకనాడు బొద్దయ్య అటుగా వచ్చి పువ్వు ముందు ఆగాడు.

"ఏమిట్రా కొండప్పా, ఈ ఈగ ఎంతకీ కదలదేం?"

కొండప్ప బుర్రలో దీపం వెలిగింది.

"ఈగ కాదు దొరా, పువ్వు! ఇది తేనెటీగలు కాసే మొక్క. ఇక్కడ నేలకు సత్తువ లేక ఈగతో ఆగిపోయింది. తమ గుహ ముందు వేస్తే తేనె కూడా కారుతుంది."

"నిజమేనా?"

"వచ్చే ఏడు ఇదే వేళకు పూయిస్తాను. పూయిస్తే ఈ వాలు నాకిప్పించండి."

తేనె మాట వింటే బొద్దయ్యకు మరో మాట చెవికెక్కదు. "సరే, నీదే పో!" అన్నాడు.

బొరియలోంచి సున్నమ్మ ఇదంతా వింది. బయటికొచ్చి దండం పెట్టింది.

"మరి పూయకపోతే దొరా?"

"పూయకపోతే వీడు ఈ కొండ చాయలకే రాకూడదు."

మాటైతే ఇచ్చాడు గాని కొండప్పకు ఆ మొక్కను పెంచడం రాదు. మర్నాడే తోక ముడుచుకుని సున్నమ్మ గుమ్మం ముందు కూర్చున్నాడు.

"అత్తా, ఈ పువ్వు మర్మం కాస్త చెబుదూ. పుణ్యముంటుంది."

సున్నమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది.

"దాందేముంది అల్లుడూ! పువ్వు వాడి, గింజ రాలి, ఆకు ఎండేదాకా ముట్టుకోకు. అప్పుడు దుంప నిద్రపోతుంది. దాన్ని చుట్టూ ఉన్న మట్టిపెళ్లతో సహా ఎత్తు. ఆ మట్టిలో కంటికి కనపడని బూజు ఉంటుంది. దీని గింజకు పాలిచ్చే తల్లి అదే. సున్నపు నేలలో, ఎండ తగిలేచోట పెట్టు. పేడ వెయ్యకు. నిద్రపోయే దుంపకు నీళ్లు పొయ్యకు. చలి మొదలయ్యే ముందు ఆకులు నేలకంటుకుని వస్తాయి, వాటిని తొక్కనివ్వకు. అంతే."

కొండప్ప దారంతా నవ్వుకున్నాడు. తాను దొంగైతే పొరుగును నమ్మడని ఊరికే అన్నారా!

'ఇల్లు పోయే ముసలిది నాకు నిజం చెబుతుందా? పేడ వద్దంటే పేడే కావాలన్నమాట! బూజు తల్లట, తల్లి! బూజు పడితే రొట్టే పాడవుతుంది.'

ఆ సాయంత్రమే పూలతో ఉన్న మొక్కల్ని కొన్ని పెరికాడు. దుంపల్ని వాగులో తళతళలాడేలా కడిగాడు. బొద్దయ్య గుహ ముందు గొయ్యి తవ్వి, నిండా పేడ పోసి నాటాడు. రోజూ నీళ్లు మోసి మోసి వాడి దవడలు పడిపోయాయి. దుంపలు వారంలో కుళ్లిపోయాయి. అది వాడికి తెలియదు. చలికాలం బొద్దయ్య గుహలో గుర్రుపెడుతుంటే, వాడు బయట ఖాళీ గోతికి కాపలా కాశాడు.

ఎండలు రాగానే ఆ పేడలోంచి ఏపుగా లేచింది దురదగొండి, నిలువెత్తున!

కొండప్ప ఎంత వెతికినా పువ్వు జాడ లేదు. అయినా జిత్తులకు కొదవా? గడువు రోజు తెల్లారేలోపే వాలు మీద నాలుగు పూలు తుంచుకొచ్చి, ఆ గుబురు మధ్య గుచ్చి పెట్టాడు.

అడవంతా చేరింది. సున్నమ్మ మనవల్ని వెనక దాచుకుని నిలబడింది.

"పూసిందిరా!" అని బొద్దయ్య లొట్టలేశాడు. "తేనె ఏదీ?"

"దూరం నుంచే చూడాలి దొరా, ముట్టుకుంటే..."

చెప్పేలోపే బొద్దయ్య నాలుక చాచి మూతి మొత్తం గుబురులోకి దూర్చేశాడు. మరుక్షణం ఆయన వేసిన కేకకు కొండమీద కాకులన్నీ లేచాయి. ముక్కు గుమ్మడికాయంత వాచింది. నాలుక నోట్లో పట్టలేదు. గుచ్చిన పూలు నాలుగూ వేళ్లు లేకుండా కిందపడ్డాయి.

"తేనె లేదుగానీ కుట్టడం మాత్రం దీనికి బాగా నేర్పావురా!" అంటూ బొద్దయ్య వెంటపడ్డాడు.

కొండప్ప పారిపోతూ సున్నమ్మ పక్కనుంచి దూసుకుపోయాడు. "మోసం చేశావు కదే అత్తా!"

"లేదు అల్లుడూ, ప్రతి అక్షరం నిజమే చెప్పాను," అంది సున్నమ్మ. "అబద్ధం చెప్పి ఉంటే నువ్వు గెలిచేవాడివి."

నిజాన్ని నమ్మలేనివాణ్ణి ఓడించడానికి అబద్ధంతో పనిలేదు.